వంటింటి ఫాల్స్ సీలింగ్ తీసేయడం ఎలా: ముందు ఒక కన్నం, ఆ తర్వాతే సుత్తి

వంటింట్లో ఫాల్స్ సీలింగ్ వేసి పదేళ్లయితే దాని మీద ఏముందో ఇంటివాళ్లకే గుర్తుండదు. పై ఫ్లాటు బాత్రూం ట్రాపు (వాడిన నీళ్లు పోయే వంపు గొట్టం) ఉండొచ్చు. జిడ్డు కారే చిమ్నీ డక్టు, టేపు చుట్టి వదిలేసిన వైరు అతుకులు, బొద్దింకల కాపురం, పెచ్చులూడిన స్లాబు, ఇవన్నీ కూడా ఉండొచ్చు. సీలింగ్ ఊడదీయడం ఇద్దరు మనుషులకు ఒక్క రోజు పని. డబ్బునీ రోజుల్నీ తినేది పైన బయటపడే సరుకే. దాన్ని చూడకముందే సుత్తి పట్టుకుంటే వారంపాటు వంట బయటినుంచి తెచ్చుకోవాల్సి వస్తుంది.

లెక్కలు తేలిగ్గా అర్థం కావడానికి 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఉన్న వంటగదిని తీసుకుందాం. సీలింగ్ ఎనిమిదిన్నర అడుగుల ఎత్తులో, స్లాబు తొమ్మిదిన్నర అడుగుల ఎత్తులో ఉందనుకోండి. మన అపార్ట్‌మెంట్లలో తరచూ కనిపించే కొలతలే ఇవి.

ఏ రకం సీలింగో తేల్చుకోండి

వేలి మెటికలతో తట్టి చూడండి. బోలుగా మోగుతూ, సుమారు అడుగున్నరకోసారి గట్టిగా తగిలితే అది జీఐ (జింకు పూత వేసిన ఇనుము) చానెళ్ల మీద బిగించిన జిప్సం బోర్డు. ఎక్కడ తట్టినా బరువైన శబ్దమే వచ్చి, మూలల్లో పూలూ మెట్లూ పోతపోసినట్టు ఉంటే పీఓపీ. ప్లాస్టిక్ మెరుపు, 10 అంగుళాలకో గీత కనిపిస్తే పీవీసీ. రెండడుగుల చదరపు పలకలైతే గ్రిడ్ సీలింగ్.

పాత క్వార్టర్లలో, పాత ఇళ్లలో చెక్క బద్దలకు మేకులతో కొట్టిన బూడిదరంగు చదును రేకులు కనిపిస్తే మాత్రం ఆగండి. అవి ఆస్బెస్టాస్ సిమెంటు రేకులు కావచ్చు. కంటితో చూసి తేల్చలేం, ల్యాబ్ పరీక్షే చెప్పాలి. ఫలితం వచ్చేదాకా వాటిని కోయొద్దు, డ్రిల్లు పెట్టొద్దు, పగలగొట్టొద్దు. రేకు విరిగితే ఎగిరే నార ఊపిరితిత్తుల్లో చేరి దశాబ్దాల తర్వాత జబ్బు చేస్తుంది. ఇంట్లో మామూలు కూలీతో చేయించే పని కాదది.

కన్నం ఎలా పెట్టాలి, ఏం చూడాలి

కొత్తగా చిల్లు పొడవక్కర్లేదు. సీలింగ్ లైట్లు ఉన్నాయిగా, అవే కన్నాలు. కరెంటు పూర్తిగా ఆపాక (ఎలా ఆపాలో కింద చెప్పాం) లైటు అంచు పట్టుకుని రెండు పక్కలా సమానంగా కిందికి లాగండి. పక్కనున్న రెండు స్ప్రింగులూ ఎలకబోనులా పనిచేస్తాయి. లైటు బయటికి రాగానే టప్పున మూసుకుంటాయి, వేళ్లు వాటి మధ్య ఉంటే గోరు నల్లబడటం ఖాయం. లైటు తీశాక ఫోనులో వీడియో ఆన్ చేసి, టార్చి వెలిగించి, చేతిని కన్నంలోంచి పైకి పెట్టి మెల్లగా ఒక చుట్టు తిప్పండి. ప్రతి కన్నం దగ్గరా ఇలాగే చేసి, కిందికి దిగి నింపాదిగా చూడండి.

వెతకాల్సినవి ఇవి. పై అంతస్తు నుంచి దిగిన పైపులు, వాటి అతుకుల దగ్గర తెల్లటి ఉప్పు పొర. ఆ పొర ఉందంటే నీరు ఎప్పటినుంచో చెమరుస్తోందన్నమాట. స్లాబు మీద తుప్పు మరకలు, బయటపడ్డ ఇనుప చువ్వలు. చిమ్నీ డక్టు ఎక్కడ మొదలై ఎన్ని వంపులు తిరిగి ఏ గోడలోంచి పోతోంది. లైట్ల డ్రైవర్ డబ్బాలు (ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటును మార్చేవి), విప్పి వదిలేసిన వైర్లు. పై అరల షట్టర్లూ, కప్‌బోర్డు పైపట్టీలూ సీలింగ్ చానెలుకే బిగించి ఉన్నాయా అన్నది కూడా. మాడ్యులర్ కిచెన్ తర్వాత వేసిన ఇళ్లలో ఇది మామూలే. చూసుకోకుండా చానెల్ లాగితే కప్‌బోర్డు ముందు పలక కూడా దానితో పాటే వస్తుంది.

పైపులు కనిపిస్తే కంగారు పడొద్దు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం వంటగదిలో నేల నుంచి స్లాబు అడుగు దాకా కనీసం 2.75 మీటర్లు, అంటే సుమారు 9 అడుగులు ఉండాలి. పై అంతస్తు ఫ్లోర్ ట్రాపు కోసం వదిలిన భాగానికి మాత్రం ఆ కోడే మినహాయింపు ఇచ్చింది. కాబట్టి అక్కడ ట్రాపు ఉండటం తప్పు కాదు, దాన్ని మీరు కదిలించలేరు కూడా. అలాంటప్పుడు మొత్తం తీసేయాలన్న పట్టుదల అనవసరం. పైపులున్న మూల మాత్రం పెట్టెలా కప్పి ఉంచి, మిగతాది తీయండి. ఆ పెట్టెకు రెండడుగుల తలుపు ఒకటి తప్పనిసరి. ఎందుకంటే పైవాళ్ల ట్రాపు కారినప్పుడు ప్లంబరు మీ ఇంట్లోంచే చేయి పెట్టాలి.

కరెంటు: మెయిన్ దించితే సరిపోదు

ఈ పనిలో మనుషులకు దెబ్బ తగిలేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి. మన ఇళ్లలో చాలాచోట్ల లైట్లూ ఫ్యాన్లూ ఇన్వర్టర్ లైను మీద ఉంటాయి. మెయిన్ ఎంసీబీ దించగానే ఇన్వర్టర్ దాన్ని కరెంటు పోయిందనే అనుకుంటుంది, క్షణంలో బ్యాటరీ నుంచి అదే 230 వోల్టులు సీలింగ్ వైర్లలోకి పంపుతుంది. పోనీ ఇన్వర్టర్ ముందు బటన్ ఒక్కటే ఆపుదామంటే, చాలా ఇన్వర్టర్లు మెయిన్ కరెంటును తమలోంచి నేరుగా వదిలేస్తాయి. అందుకే రెండూ ఆగాలి.

1. ముందుగా టెస్టర్‌ను కరెంటున్న సాకెట్లో పెట్టి అది వెలుగుతోందో లేదో చూడండి. చెడిపోయిన టెస్టర్ చూపే ధైర్యం అబద్ధం.
2. ఇన్వర్టర్ ముందు స్విచ్ ఆపండి. అవుట్‌పుట్ ఎంసీబీ విడిగా ఉంటే అదీ దించండి.
3. మెయిన్ దించండి. బోర్డు మీద "పైన పని జరుగుతోంది, వేయొద్దు" అని కాగితం అంటించండి. ఇంట్లో పిల్లలో పెద్దవాళ్లో ఫ్యాను తిరగలేదని వేసేస్తారు.
4. లైటు తీసిన ప్రతిచోటా ఒక్కో వైరునూ టెస్టర్‌తో చూడండి. ఫేజు బదులు న్యూట్రల్‌కు స్విచ్ పెట్టిన ఇళ్లు ఉన్నాయి కాబట్టి ఎర్రదొక్కటే చూసి వదలొద్దు.

తర్వాత ఎలక్ట్రీషియన్‌తో సీలింగ్ లైట్ల వైర్లను స్లాబు డబ్బా (స్లాబులో వైర్లు కలిసే జంక్షన్ బాక్సు) దగ్గరే విప్పించి, కనెక్టర్లు వేయించి, డబ్బా మూత బిగించేయమనండి. అప్పుడు మిగతా ఇంటికి కరెంటు ఇచ్చుకోవచ్చు. వెలుతురుకు చార్జింగ్ లైటు వాడండి. తలకు కట్టుకునే టార్చి అయితే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

వంటింటిని సిద్ధం చేయడం

సిలిండర్ రెగ్యులేటర్ తీసి, మూత పెట్టి, గది బయటికి చేర్చండి. పైపు గ్యాసైతే స్టవ్ దగ్గరున్న వాల్వు మూయండి. ఆ పైపు సీలింగ్ మీదుగా పోతుంటే మీరు ముట్టుకోకుండా గ్యాసు కంపెనీ మనిషిని పిలవండి.

గట్టు ఖాళీ చేసి, దాని మీద పాత దుప్పటి, ఆపైన టార్పాలిన్ పరవండి. గ్రానైట్ అంచు మీద చానెల్ పడితే పెచ్చు ఎగురుతుంది. సింకు రంధ్రంలో గుడ్డ కుక్కండి. జిప్సం పొడి నీళ్లతో కలిస్తే ట్రాపులో బురదలా పేరుకుపోతుంది. ఫ్రిజ్జును వేరే గదికి మార్చండి, కుదరకపోతే ఆపి పూర్తిగా కప్పండి. నడుస్తున్న ఫ్రిజ్జు వెనక ఫ్యాను ఉంటే అది ఆ పొడినంతా లోపలికి పీల్చుకుంటుంది. అరల తలుపుల సందులకు టేపు వేయండి. హాలు వైపు గుమ్మానికి తడి దుప్పటి వేలాడదీయండి, బయటి కిటికీ మాత్రం తెరిచి ఉంచండి.

మనిషి మీద ఉండాల్సినవి: ఎన్‌95 మాస్కు, కళ్లద్దాలు, హెల్మెట్, మందపాటి చేతితొడుగులు. గుడ్డ మాస్కు ఈ పొడిని ఆపలేదు. చేతితొడుగులెందుకంటే కోసిన జీఐ రేకు అంచు బ్లేడు లాంటిది.

పనిముట్లు ఇవి చాలు: ఆరడుగుల మడత నిచ్చెన, కటర్, హాక్సా బ్లేడు, స్టార్ బిట్టుతో చార్జింగ్ డ్రిల్లు, రేకు కత్తెర, కటింగ్ ప్లేయరు, చిన్న మేకుల బారు (మేకులు పీకే ఇనుప కడ్డీ), పుట్టీ బ్లేడు, చేతి స్ప్రేయరు, 10 నుంచి 15 ఖాళీ సిమెంటు సంచులు. యాంగిల్ గ్రైండర్ జోలికి పోవద్దు. గది కనిపించనంత పొడి లేపుతుంది, దాగిన వైరునో పైపునో చూడకుండా కోసేస్తుంది.

జిప్సం బోర్డు తీసే వరస

సీలింగ్ ఎలా వేశారో తెలిస్తే ఎలా తీయాలో తెలుస్తుంది. గోడ చుట్టూ అంచు చానెల్ ఉంటుంది. స్లాబుకు దించిన పట్టీలకు 4 అడుగులకోటి చొప్పున ఇంటర్మీడియట్ చానెళ్లు కట్టి, వాటికి అడ్డంగా అడుగున్నరకోటి చొప్పున సీలింగ్ సెక్షన్లు క్లిప్పులతో బిగిస్తారు. వాటికి కింద నుంచి పన్నెండున్నర మిల్లీమీటర్ల బోర్డును సుమారు 9 అంగుళాలకో స్క్రూతో పట్టిస్తారు. తీసేది దీనికి సరిగ్గా ఎదురు వరసలో.

ముందు గోడా సీలింగూ కలిసే చోట కటర్‌తో చుట్టూ రెండు మూడుసార్లు లోతుగా గీయండి. చాలామంది వదిలేసేది ఈ పనినే. పెయింటూ పుట్టీ గోడ నుంచి సీలింగ్ దాకా ఒకే చర్మంలా ఉంటాయి. గీత లేకుండా బోర్డు లాగితే గోడ మీది పొర అరచేతులంత ముక్కలుగా దాంతో పాటు ఊడొస్తుంది.

తర్వాత గది మధ్యలో, రెండు సెక్షన్ల మధ్య బోలు చోట మొదటి కోత పెట్టండి. హాక్సా బ్లేడుకు ఒక చివర గుడ్డ గట్టిగా చుట్టి, గుడ్డ బయట అంగుళం మాత్రమే మిగిలేలా పట్టుకోండి. బోర్డు అర అంగుళమే, అంతకంటే లోతుగా బ్లేడు పోవాల్సిన పనిలేదు. పైన వైరుందో లేదో తెలియనప్పుడు ఆ అంగుళమే రక్ష. సెక్షన్ల పక్కగా కోస్తూ అడుగున్నర వెడల్పు, 3 అడుగుల పొడవు ముక్కలు చేయండి. అలాంటి ముక్క సుమారు 4 కిలోలు, నిచ్చెన మీదున్న మనిషి కింద నిలబడ్డ మనిషికి సులువుగా అందించగలడు. పూర్తి బోర్డు, అంటే 6 అడుగులు 4 అడుగులది, 20 కిలోలకు దగ్గరగా ఉంటుంది. దాన్ని ఒక్కటిగా దించాలనుకుంటే మధ్యలో విరిగి మెడ మీద పడుతుంది. ఎప్పుడూ ముక్క కింద కాకుండా పక్కన నిలబడండి.

సెక్షన్లకు అంటుకుని మిగిలిన పట్టీలను మేకుల బారుతో కిందికి వంచితే స్క్రూ తలల మీంచి ఊడొస్తాయి. సుత్తితో పైకి కొట్టొద్దు. కొట్టిన ప్రతిసారీ ఆ అదురు పట్టీల గుండా స్లాబులోని ఫాస్టెనర్ (పట్టీని పట్టి ఉంచే బోల్టు) దాకా పోతుంది.

బోర్డంతా దిగాక ముందు క్లిప్పులు వంచి సీలింగ్ సెక్షన్లు, ఆపైన ఇంటర్మీడియట్ చానెళ్లు, చివరికి గోడ అంచు చానెల్ తీయండి. స్లాబులోని డాష్ ఫాస్టెనర్లను లాగి పీకొద్దు. పీకితే చుట్టూ ఉన్న కాంక్రీటు గిన్నెలా ఊడొస్తుంది. నట్టు తిరిగితే విప్పండి, తుప్పు పట్టి తిరగకపోతే స్లాబుకు సమంగా హాక్సాతో కోసి, మొనకు తుప్పు నిరోధక ప్రైమర్ రాసి పుట్టీతో మూసేయండి. మనం తీసుకున్న గదిలో స్లాబుకు 6 నుంచి 9 రంధ్రాలు, గోడల చుట్టూ రెండడుగులకోటి చొప్పున 18 దాకా, మొత్తం సుమారు పాతిక రంధ్రాలు ఉంటాయి.

పీఓపీ అయితే

ఇక్కడ ప్రమాదం బరువుతో వస్తుంది. పోతపోసిన పీఓపీ చాలాచోట్ల కోళ్ల జాలీ మీదో, కొబ్బరి నారతోనో గట్టిపడి, జీఐ తీగలతో వేలాడుతుంది. జాలీ ఉంటే సీలింగంతా ఒకదానికొకటి కట్టేసినట్టే. ఒక మూల లాగితే పక్కనున్న నాలుగడుగులూ దాంతో పాటే దిగుతాయి. మేస్త్రీలు కొందరు గునపంతో కింద నుంచి పొడిచి మొత్తం ఒకేసారి కూల్చేస్తామంటారు. ఒప్పుకోవద్దు. అది గట్టునూ కప్‌బోర్డులనూ వదలదు.

స్ప్రేయరుతో ముందు కొంచెం తడపండి, వైర్లున్న వైపు మాత్రం వద్దు. రెండడుగుల చదరాలుగా పుట్టీ బ్లేడుతో గీసి, ఆ గీత వెంట పీఓపీని పొడిచి జాలీ బయటపెట్టండి. కింద ఒకరు పలక ముక్కతో ఆ చదరాన్ని ఎత్తి పట్టుకోగా, పైనున్నవారు రేకు కత్తెరతో జాలీని, ప్లేయరుతో వేలాడే తీగను కోయాలి. తలుపుకు దూరంగా ఉన్న మూలలో మొదలుపెట్టి తలుపు వైపు రండి, ఏదైనా జారితే వెనక్కి తప్పుకోవడానికి దారి ఉంటుంది.

పీవీసీ, గ్రిడ్ సీలింగులు తేలిక. పీవీసీలో చివర వేసిన పలకను ముందు తీయాలి, అది కనిపించే అంచు పట్టీ కింద ఉంటుంది. ఆ తర్వాత గాడి విప్పుతూ ఒక్కోదాని స్క్రూలు తీస్తూ పోవడమే. వంటింటి వేడికి పెళుసెక్కిన పలకలు విరుగుతాయి, మళ్లీ వాడుకోవచ్చన్న ఆశ పెట్టుకోవద్దు. గ్రిడ్‌లో పలకను పైకెత్తి ఏటవాలుగా తిప్పి దించేయాలి. ఎత్తేముందు ముఖం పక్కకు తిప్పుకోండి, ఎలుకలు చేసిన ఖజానా అంతా పలకల మీదే ఉంటుంది.

చెత్త

మన గదిలో 80 చదరపు అడుగుల జిప్సం బోర్డే 60 కిలోలు దాటుతుంది. చానెళ్లు వేరు. పీఓపీ అయితే ఇంకా ఎక్కువ. సంచికి 15 కిలోలు మించి నింపకపోతే మెట్లు దిగడం సులువు, సంచి చిరగదు. జీఐ చానెళ్లను పాత ఇనుప సామాను వాళ్లు కొంటారు, విడిగా కట్టండి. మిగతాది భవన వ్యర్థం, రోజూ వచ్చే చెత్త బండిలో వేయకూడదు. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో భవన వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రాలున్నాయి, మున్సిపాలిటీ ద్వారా బండి బుక్ చేసుకోవచ్చు. వేరే ఊళ్లలో మున్సిపల్ ఆఫీసులో అడిగి వాళ్లు చెప్పిన చోటికే పంపండి. కాలువ పక్కన పోస్తే పొడి గడ్డకట్టి నీళ్లాగిపోతాయి, జరిమానా కూడా పడుతుంది. అపార్ట్‌మెంటైతే లిఫ్టు వాడొచ్చో లేదో, చప్పుడు పని ఏ వేళల్లో చేయాలో అసోసియేషన్‌ను ముందే అడగండి.

బయటపడ్డ స్లాబు

స్లాబంతా సుత్తి పిడితో మెల్లగా తడుతూ రండి. బోలుగా మోగిన చోట లోపల చువ్వ తుప్పుపట్టి ఉబ్బి, కింది కాంక్రీటును తోస్తూ ఉండొచ్చు. ఆ భాగాన్ని గట్టి కాంక్రీటు తగిలేదాకా చెక్కి, చువ్వను వైరు బ్రష్షుతో మెరిసేలా తోమి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ మోర్టారుతో నింపాలి. మామూలు సిమెంటు ఇసుకతో పూస్తే ఏడాదిలో మళ్లీ ఊడుతుంది. చువ్వ సన్నబడిపోయినా, దూలంలో పగులు కనిపించినా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి, మేస్త్రీ మాటతో సరిపెట్టుకోవద్దు.

చెమ్మ మరక ఉంటే పై ఫ్లాటువాళ్లను మంచిగా అడిగి, బాత్రూం నీటి దారి మూసి రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టించండి. మరక అంచును పెన్సిల్‌తో గీసి ఉంచుకుంటే పెరిగిందో లేదో వాదన లేకుండా తెలుస్తుంది. లీకు తేలకముందు పుట్టీ వేయడమంటే డబ్బును స్లాబుకు అంటించినట్టే.

సీలింగ్ పైనున్న అడుగు ఎత్తు గోడకు చాలాసార్లు పెయింటు ఉండదు, ఒక్కోసారి ప్లాస్టరింగే ఉండదు. స్లాబుకు సెంట్రింగ్ నూనె (స్లాబు పోసేటప్పుడు కింది పలకలకు రాసేది), వంట జిడ్డు రెండూ పట్టి ఉంటాయి. వాషింగ్ సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి ఆరనివ్వకపోతే పుట్టీ పొలుసులుగా రాలుతుంది. స్లాబు చదునుగా ఉంటే వైట్ సిమెంటు పుట్టీ రెండు పూతలు, ప్రైమర్, ఎమల్షన్ రెండు పూతలు చాలు. ఎగుడుదిగుడుగా ఉంటే పట్టు కోసం పైపైన గాట్లు పెట్టించి 6 మిల్లీమీటర్ల సన్న ప్లాస్టరింగ్ చేయించి, వారం తడపాలి. పీఓపీ పూత మాత్రం వంటింటి ఆవిరికి వద్దు. ఒక గోడ పైభాగానికి మాత్రమే రంగు వేస్తే పాతదానితో కలవదు, నాలుగు గోడలకూ లెక్కేసుకోండి.

లైట్లు, చిమ్నీ

కొత్త లైట్ల వైర్ల కోసం స్లాబును గాడి కొట్టనివ్వద్దు. చువ్వల కింద ఉన్న కాంక్రీటు మందం 20 మిల్లీమీటర్లే, గాడి కొడితే చువ్వ బయటపడుతుంది. స్లాబు డబ్బా నుంచి కేసింగ్ పట్టీలోంచి వైరు లాగి రంగు వేస్తే పెద్దగా కనిపించదు. గది మధ్యలో ఒక్క లైటు పెడితే గట్టు ముందు నిలబడ్డ మనిషి నీడ కూరగాయల పలక మీదే పడుతుంది. నాలుగడుగుల 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబును గట్టు అంచుకు నేరుగా పైన పెట్టి, కప్‌బోర్డుల కింద పట్టీ లైటు వేయండి.

చిమ్నీ డక్టు ఇప్పుడు కనిపిస్తుంది కాబట్టి ముడతల అల్యూమినియం గొట్టం తీసేసి, 6 అంగుళాల నున్నటి గొట్టం వేయించండి. ముడతల్లో జిడ్డు పేరుకుంటుంది, వంపు పెరిగినకొద్దీ పీల్చే శక్తి తగ్గుతుంది. కప్‌బోర్డుల పైన మిగిలిన అడుగు ఖాళీని షట్టర్లతో మూయించకపోతే మళ్లీ బొద్దింకలకే.

అన్నీ అయ్యాక స్టవ్ వెలిగించే ముందు బర్నర్లు ఊడదీసి పిన్నుతో రంధ్రాలు శుభ్రం చేయండి, చిమ్నీ ఫిల్టర్లు కడగండి. రంధ్రాల్లో జిప్సం పొడి ఉంటే మంట నీలంగా రాక పసుపుగా వచ్చి గిన్నెల అడుగులు మసిబారతాయి.